శుభలేఖలో పసుపు గళ్లు

పద్దెనిమిదేళ్లప్పుడు నాకు అర్థం కానిదేదైనా దేవుడికి సంబంధించిందే అయ్యుంటుందని గట్టిగా నమ్మేదాన్ని. బడి ముఖం చూడకుండా అమ్మ దగ్గరే అక్షరాలూ పూజలూ కలిపి నేర్చుకున్నాను మరి. అలాంటిదాన్ని నరసరావుపేటలో శుభలేఖలు అచ్చువేసే భాయ్ పనిలో పెట్టుకున్నాడు. (ఆయన్ని భగవంతుడు చల్లగా చూడాలి.) నెల రోజులు చూసి ఉంచుకునేదీ లేనిదీ చెబుతానన్నాడు. ఇంట్లో సంపాదన నాదొక్కటే. ఇది ఇరవై తొమ్మిదో రోజు సంగతి.

పప్పుల కొట్టు పిన్ని తన కూతురి శుభలేఖలో వేయాల్సిందంతా భాయ్ ఫోన్‌కి పంపింది. దాన్ని కంప్యూటర్‌లోకి తెచ్చి ఎడిటర్‌లో తెరిస్తే పైనా కిందా, వధూవరుల పేర్ల మధ్యా ఖాళీ గళ్లు. భాయ్ వంగి చూసి, "ఏందమ్మాయ్ ఈ డబ్బాలు?" అన్నాడు. నేను తడుముకోలేదు. "పసుపు పెట్టడానికి భాయ్. పసుపు పెట్టకుండా శుభలేఖ ఎవరికీ ఇవ్వం కదా." ఆయన తల ఊపి, "మీ పద్ధతులు నీకే తెలుస్తయ్, ఉండనీ" అని మిషన్ వేశాడు.

కార్డులన్నీ అచ్చయ్యాక, ఆయన నమాజుకు వెళుతుంటే, పేర్లు సరిచూద్దామని ఫోన్ అడిగి తీసుకున్నాను. గళ్లున్న చోట గులాబీలు, దణ్ణం పెట్టే చేతులు, పేర్ల మధ్య ఎర్రటి గుండె. కార్డుల పెట్టె తెరిచి చూశాను. ఆ రకం కార్డులు మళ్లీ వేయడానికి ఒక్కటీ మిగల్లేదు. తొలి కార్డు కోటప్పకొండ స్వామి పాదాల దగ్గర పెట్టాలని పిన్ని ఆటో కూడా మాట్లాడుకుంది. ఇంకో గంటలో వస్తుంది.

కనీసం స్వామి దగ్గర పెట్టే ఒక్కటైనా వేరే రకం కార్డు మీద వేద్దామని ఫాంటు మార్చాను. అక్షరాలు సన్నబడ్డాయి గానీ గళ్లు చెక్కుచెదరలేదు. మళ్లీ కాపీ చేసి అతికించాను. కంప్యూటర్ ఆపి, స్వామికి దణ్ణం పెట్టుకుని, మళ్లీ వేసి, వేరే ఎడిటర్‌లో తెరిచాను. ఒక్కో గడి రెండు గళ్లయింది. కంప్యూటర్లు బాగుచేసే అన్నకు ఫోన్ చేశాను. "మీది పాత సిస్టమ్ చెల్లెమ్మా. ఆ బొమ్మలున్న ఫాంటే దాంట్లో లేదు. తెలియని చోట గడి పెడతది, అంతే" అన్నాడు. అంటే కంప్యూటర్ తనకు తెలియదని నిజాయితీగా ఒప్పుకుంది. తెలిసినట్టు చెప్పింది నేను.

అంతలో ఆటో ఆగింది. పిన్ని వెనకే భాయ్ కూడా లోపలికి వచ్చాడు. కార్డు ఆమె చేతికిచ్చి ఉన్నదున్నట్టు చెప్పేశాను. గళ్లన్నీ ఆమె పంపిన బొమ్మలేనని, పసుపుకి చోటని భాయ్‌కి చెప్పింది నేనేనని. పిన్ని కార్డును అటూ ఇటూ తిప్పింది.

"ఏమే, మరి పేర్ల మధ్యలో ఇదేంది?"

"గుండె పిన్నీ. ఎర్రది."

"నేను పెట్టలా. నా ఫోన్లో మా పిల్ల టైపు కొట్టిచ్చింది, అదే దూర్చుంటది. వాళ్ల నాన్న చూసుంటే పెళ్లి ఆపి కూర్చునేవాడు." కార్డు బల్ల మీద పెట్టి, "పసుపే చానా నయం. ఆటోలో నా పూజబుట్టలో పసుపు గిన్నె ఉంది, ఇటు తేవే" అంది.

ఇద్దరం కూర్చుని గళ్లు నింపాం. మర్నాడు ముప్ఫయ్యో రోజు. భాయ్ షాపు తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

ఇప్పుడు నా ఫోన్‌లో అన్ని బొమ్మలూ కనిపిస్తాయి. ఎప్పుడైనా ఎవరి మెసేజ్‌లోనో ఖాళీ గడి కనిపిస్తే, అదేమిటో నాకు తెలియదని వెంటనే ఒప్పేసుకుంటాను. వేలు మాత్రం పసుపు గిన్నె కోసం వెతుక్కుంటూనే ఉంటుంది.