కళ్లు మూసుకుని ఇచ్చిన అడాప్టరు

పాత సామాన్ల సందులో మూడో కొట్టు అతనిది. కొట్టు అనడం మర్యాద కోసం, నిజానికి అది రెండు గోడల మధ్య ఇరుక్కున్న అర. అందులో పదకొండు డబ్బాలు, డబ్బాల నిండా జత తప్పిపోయిన అడాప్టర్లు. ఎవరో వాడి వదిలేసిన రేడియోకో ఫోనుకో సరిపోయే తీగ దొరక్క, తిరిగి తిరిగి వేసారినవాళ్లు చివరికి అతని దగ్గరికే చేరేవారు. సందంతా అతన్ని పిన్నుల పండితుడు అని పిలిచేది. బడి మొహం సరిగ్గా చూసిన మనిషి కాదు గానీ, ఆ పిలుపు వినగానే వెన్ను నిటారయ్యేది.

పద్ధతి తెలియనివాడు కాదు. ముందు వస్తువు అడుగున రాసిన వోల్టులు చూడాలి. పక్కనే చిన్న బొమ్మ ఉంటుంది, మధ్యలో చుక్క, చుట్టూ వలయం, చెరోవైపు ప్లస్సు, మైనస్సు గుర్తులు. చాలా వస్తువులకు పిన్ను లోపలివైపు ప్లస్సే. కొన్నిటికి తిరగబడి ఉంటుంది. వాటికి మామూలు అడాప్టరు పెడితే లోపలంతా మాడి ఊరుకుంటుంది. అందుకే తిరగబడిన రకానికి ఎర్ర టేపు చుట్టి వేరే డబ్బాలో పెట్టుకున్నాడు. ఇంత తెలిసినవాడికి ఒకటే జబ్బు. చూసేవాళ్లుంటే చాలు, కళ్లు మూసుకుని డబ్బాలో చెయ్యి పెట్టి, వేళ్లతో తడిమి, "ఇదిగో మీది" అని తీసేవాడు. పక్క కొట్లవాళ్లు నోళ్లు వెళ్లబెట్టేవారు.

ఆ రోజూ అదే చేశాడు. ఒకావిడ గుడ్డసంచిలోంచి పలకంత యంత్రం తీసింది.

"మా ఆయనకి గొంతు ఆపరేషన్ అయిందండీ, మాట పోయింది. దీంట్లో టైపు చేస్తే ఇదే పలుకుతుంది. ఎవరో వాడిందే కొన్నాం, తీగ లేదు. ఛార్జి ఇవాళో రేపో అయిపోతుంది."

గడియారాలు బాగుచేసే అతను, తాళాలతను చూస్తున్నారు. పండితుడు కళ్లు మూశాడు. తీసిన పిన్ను చక్కగా దూరి బిగిసింది. ఆ సమయానికి కరెంటు లేదు కాబట్టి పెట్టి చూడలేదు.

"నిక్షేపంలా పనిచేస్తుందమ్మా, వెళ్లిరండి."

మర్నాడు ఆవిడ అదే సంచితో వచ్చింది. సంచి తెరవకముందే మాడు వాసన తగిలింది.

"నిన్న మా ఇద్దరికీ మాటా మాటా వచ్చిందండీ. తీగ అప్పుడే పెట్టాను. ఆయన కోపంతో మీటలు బాదుతున్నారు, ఫట్‌మని ఆరిపోయింది. అలా బాదడం వల్లేనా?"

యంత్రాన్ని తిరగేశాడు. చుక్క వైపు మైనస్సు ఉంది. తానిచ్చింది ఎర్ర టేపు లేని మామూలు రకం. తప్పు నాదని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? కానీ గడియారాలతను వింటున్నాడు.

"అయుండొచ్చమ్మా. పాత సరుకు కదా, అంత దెబ్బకి తట్టుకోదు."

"చెప్తూనే ఉన్నా, వింటేనా" అంటూ ఆవిడ యంత్రాన్ని సంచిలో పడేసుకుని వెళ్లిపోయింది.

పిరికి పని చేశానని అతనికి అప్పుడే తెలుసు. మాట లేని మనిషి మీద నేరం మోపాడు, ఎదురుచెప్పలేడు కదా అని. ఇంట్లో అన్నం సగంలో వదిలేసి లేచాడు. "ఒంట్లో బాగాలేదా?" అని భార్య అడిగితే విసుక్కున్నాడు. ఆ సంచిలాంటిది ఎవరి చేతిలో కనిపించినా తలొంచుకుని డబ్బాలు సర్దేవాడు.

నాలుగో రోజు మెడకి కండువా చుట్టుకున్న ఒక పెద్దమనిషి వచ్చి, నోటుపుస్తకం విప్పి చూపించాడు. ఇంటి దగ్గరే రాసుకొచ్చినట్టున్నాడు.

"నేను బాదడం వల్లే పోయిందని మీరన్నారట. తప్పు నాదే. బాగుపడే దారి ఉందా? మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది."

పండితుడు ఆ ఆఖరి మాట రెండుసార్లు చదివాడు.

"మీరెంత బాదినా అది పోదండీ" అన్నాడు, గడియారాలతను తలెత్తి చూస్తుండగానే. "నేనిచ్చిన అడాప్టరే తప్పు. అడుగున బొమ్మ చూడకుండా ఇచ్చాను. మర్నాడే తెలిసింది. తెలిసే మీ మీదికి నెట్టేశాను. వెతికి ఇంకోటి తెచ్చిస్తాను."

పెద్దమనిషి మొహం ఎర్రబడింది, పెదాలు కదిలాయి. తర్వాత పెన్ను తీసి, కాగితం చిరిగేలా నొక్కి రాశాడు.

"ఇంటికొచ్చి ఈ మాట ఆమెతో చెప్పండి. నేను రాస్తే తప్పించుకోడానికి రాశాననుకుంటుంది."

పట్టపగలు కొట్టు మూసి ఆయన వెంట నడిచాడు పండితుడు. దారి రెండు వీధులే. తలుపు తీసిన ఆవిడ భర్త వైపు చూడనైనా చూడలేదు.

"ఏంటండీ" అంది పండితుడితో, "మళ్లీ ఏం పాడుచేశారు ఈయన?"

"ఈయన అప్పుడూ ఏం పాడుచెయ్యలేదమ్మా" అన్నాడు పండితుడు.