గంగలో వదిలిన స్ట్రాబెర్రీ

ఇప్పుడు ప్రయాణమంటే చేతిలో ఫోను ఒక్కటి ఉంటే చాలంటారు. మేము కుర్రవాళ్ళుగా ఉన్న ఆ రోజుల్లో ఒక పరుపుచుట్ట, ఒక మరచెంబు, ఒక రైల్వే టైంటేబుల్ పుస్తకం లేనిదే గడప దాటేవాళ్ళం కాదు. నామటుకు నాకు వీటన్నిటికంటే ముందు డైరీ ఉండాలి. పదిహేనో ఏట పట్టుకున్న ఆ అలవాటు ఈనాటికీ పోలేదు. సిడ్నీలో, రౌస్ హిల్‌లో మా అమ్మాయి ఇంట్లో నాకిచ్చిన గదిలో బట్టల అరకంటే డైరీల అరే పెద్దది. (విమానంలో వాటి బరువు సరిపెట్టడానికి మా ఆవిడ రెండు ఆవకాయ జాడీలు వదిలేసి వచ్చింది. ఆ సంగతి వారానికోసారైనా నా చెవిన పడుతుంది.) మొన్న ఆదివారం ఆ అరలో అట్టడుగునుంచి ఒక పాత డైరీ తీయవలసి వచ్చింది. ఈ డిసెంబరు సెలవుల్లో మా అమ్మాయి అందరినీ కాశీ తీసుకువెళుతోంది. "నాన్నా, హెరిటేజ్ వాకూ ఫుడ్ టూరూ రెండూ బుక్ చేశాను. నువ్వు చిన్నప్పుడు వెళ్ళావుగా, నీ డైరీలో ఏం రాసుకున్నావో బుజ్జికి చదివి చెప్పు. స్కూల్లో ప్రెజెంటేషన్ ఇవ్వాలిట" అంది. బుజ్జి మా మనవరాలు, ఎనిమిదేళ్ళది. మనం తెలుగులో ఏం చెప్పినా అర్థం చేసుకుంటుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో చెబుతుంది. సరేనన్నాను. యాభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పకుండా దాచిన ఒక మోసం ఆ డైరీలో ఉంది.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. సర్వే ఆఫీసులో గుమాస్తాగా చేరి ఆరు నెలలైంది. మా పెద్ద మేనత్తకు ఒక్కసారి కాశీ చూడాలని కోరిక. మావయ్యకేమో ఊరు దాటితే నీళ్ళు పడవు. (పక్క ఊరు పెళ్ళికి కూడా మా బావి నీళ్ళే క్యానులో పట్టించుకుని వెళ్ళేవాడు.) "మేనల్లుణ్ణి తీసుకుపో. ఏ స్టేషన్లో బండి ఎన్ని నిమిషాలు ఆగుతుందో కూడా రాసిపెట్టుకునే మనిషి" అని నన్ను అప్పజెప్పాడు. నా రాతకోతలు చూసి అత్తయ్య నన్ను కరణంగారూ అని పిలిచేది. ప్రయాణం ఖాయమైన రోజే ఒక మాట అంది. "కాశీకి వెళ్ళినవాళ్ళు ఇష్టమైన పండో కూరో గంగలో వదిలేసి రావాలి, మళ్ళీ జన్మలో ముట్టకూడదు. నువ్వూ వదలాలిరోయ్. ఊరికే మునిగి లేచొస్తానంటే కుదరదు."

ఆ మాటతో నాకు దిగులు పట్టుకుంది. నాకిష్టమైన పండు ఏదో ఇంటిల్లిపాదికీ తెలుసు. మామిడిపండు, అందులోనూ చిన్నరసాలు. ఆ విషయంలో మా ఇంట్లో నాకు పోటీ అత్తయ్య ఒక్కతే. వేసవిలో గడ్డిలో మాగేసిన పళ్ళను ఇద్దరం మోచేతుల దాకా కారుతుంటే జుర్రుకునేవాళ్ళం. ఇరవై మూడేళ్ళకే మామిడి వదిలేస్తే ఇంక బతుకెందుకు? అందుకని డైరీలో 'వదలదగినవి' అని శీర్షిక పెట్టి పట్టిక గీశాను. మొదటిది పొట్లకాయ. దాన్ని చూస్తేనే నేను కంచం ముందునుంచి లేచిపోతానని అత్తయ్యకు తెలుసు కనుక కొట్టేశాను. రెండోది సీతాఫలం. శీతాకాలంలో బెంగ పెట్టుకుంటానేమోనని అదీ కొట్టేశాను. వారం రోజులు ఆలోచించగా హైస్కూలు ఇంగ్లీషు వాచకంలో చూసిన బొమ్మ ఒకటి గుర్తొచ్చింది. ఎర్రగా, ఒంటినిండా గింజలతో స్ట్రాబెర్రీ! మా జిల్లాలో దాన్ని కళ్ళతో చూసినవాడు లేడు. ఇక చూడబోయేది కూడా లేదు. చెరగని సిరాతో రాసి, కింద రెండు గీతలు గీశాను.

రెండు రైళ్ళు మారాక తెల్లవారుతుండగా మా బండి గంగ మీద వంతెన ఎక్కింది. నేను కిటికీలోంచి స్తంభాలు లెక్కపెడుతూ రాసుకుంటున్నాను. ఏడో స్తంభం దగ్గర అత్తయ్య నా గడ్డం పట్టుకుని తల తిప్పింది. "కాగితంలోంచి బయటికి రారా ఒక్క నిమిషం." చూశాను. నది నెలవంకలా వంగి ఉంది. ఆ వంపు పొడవునా మెట్లు, మెట్ల పైన కోటగోడల్లాంటి మేడలు, మేడల మధ్య గోపురాలు, వాటన్నిటి మీదా అప్పుడే పడుతున్న ఎర్రటి ఎండ. ఊరు ఊరంతా స్నానం చేసి, తూర్పుకు తిరిగి, సూర్యుడి కోసం బారులు తీరి కూర్చున్నట్టుంది. పెట్టెలో అంతవరకూ సీట్ల కోసం పోట్లాడుకున్నవాళ్ళంతా గప్‌చుప్ అయిపోయారు. నా లెక్క అక్కడే ఆగిపోయింది. ఆ పేజీలో ఇప్పటికీ 'స్తంభాలు: 7' అనే ఉంటుంది. వాటి అసలు సంఖ్య నాకు ఈనాటికీ తెలియదు.

సర్వే వాణ్ణి కదా, మేము దిగిన తెలుగువాళ్ళ సత్రం నుంచి విశ్వనాథుడి గుడికి పటం గీద్దామనుకున్నాను. ఆ సందుల్లో చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. ఎదురుగా ఆబోతు వస్తే మర్యాదగా వెనక్కి నడవాలి. ఒక మలుపులో గంటలు, ఒక మలుపులో వేడి నూనె వాసన, ఇంకో మలుపులో ఎవరి మేడమీదనుంచో సన్నాయి. అడుగులు కొలుచుకుంటూ, బాణం గుర్తులు వేసుకుంటూ నడిచి ఒకే లస్సీ దుకాణం ముందు మూడుసార్లు తేలాను. మూడోసారి ఆ దుకాణదారు ఏమీ అడక్కుండానే మట్టి ముంత నింపి చేతికిచ్చాడు. "పటం మడిచి జేబులో పెట్టండి కరణంగారూ. ఈ ఊరు తమరి కాగితంలో ఇమిడేట్టు లేదు" అంది అత్తయ్య. మడిచాను. ఆ తర్వాతే నాకు కాశీ కనిపించడం మొదలైంది. పొద్దున్నే ఆకుదొన్నెలో పొగలు కక్కే కచోరీలు, పక్కనే జిలేబీ తిన్నాం. చలికాలంలో మాత్రమే దొరికే, మంచులో ఉంచిన పాలనురుగుతో చేసే మలైయో తిన్నాం. అత్తయ్య ఒక చెంచా నోట్లో వేసుకుని, "పెట్టుకున్నానంటావా, పెట్టుకోలేదంటావా? ఏదీ, ఏమీ లేదే!" అని నోరు తెరిచి చూపించింది. ఒక మగ్గం ముందు నేతగాడు బంగారు జరీతో నెమలి కన్ను నేస్తుంటే గంటసేపు కదల్లేదు. మర్నాడు పడవలో వెళ్తుంటే ఒక రేవులో చితులు మండుతున్నాయి, ఆ పక్క రేవులో పిల్లలు గాలిపటాలు ఎగరేస్తున్నారు. భయపడాలో ఆనందపడాలో నాకు తెలియలేదు. ఆ రోజు డైరీలో తేదీ తప్ప ఇంకేమీ లేదు. నా జన్మలో ఖాళీగా వదిలిన పేజీ అదొక్కటే.

నాలుగోరోజు పొద్దున మోకాటి లోతు నీళ్ళలో నిలబడ్డాం. పురోహితుడు తాతలనాడే కాశీలో స్థిరపడ్డ తెలుగాయన. ఆయన తెలుగు కూడా తాతలనాటిదే, మధ్యలో హిందీ కలుస్తుంది. "బోలో బాబూ, ఏ పండు వదులుతావు?" అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ ఎండలో ఆ నీళ్ళలో నాకు ఒక్క క్షణం మామిడి అనాలనే అనిపించింది. కానీ జాబితా సిరాతో రాసింది. రాసింది మార్చే అలవాటు నాకు లేదు.

"స్ట్రాబెర్రీ అండి."

"అరే, అదేం పండు?"

"ఎర్రగా ఉంటుందండి. చలిదేశాల్లో కాస్తుంది."

"ఎప్పుడైనా తిన్నావా?"

"లేదండి."

ఆయన అత్తయ్య వైపు తిరిగి, "మీ అబ్బాయి ప్లీడరా అమ్మా?" అన్నాడు. "మేనల్లుడండీ. సర్వే ఆఫీసు. తన గట్టు జరక్కుండా చూసుకుంటాడు" అంది ఆవిడ. ఆయన పెద్దగా నవ్వి, నిష్కల్మషంగా "స్ట్రాబెర్రీ ఫలం" అని సంస్కృతంలో కలిపి మంత్రం చదివి, నా దోసిట్లో నీళ్ళు వదిలించాడు. "గంగమ్మ అన్నీ పుచ్చుకుంటుంది బాబూ. మాట మటుకు తప్పకు" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. ఇంతలో పక్కనుంచి అత్తయ్య గొంతు వినిపించింది. "మామిడిపండు."

నేను ఉలిక్కిపడ్డాను. "అత్తయ్యా! ఏ మామిడో చెప్పు! బంగినపల్లి ఒక్కటే అని చెప్పు, రసాలు మిగుల్తాయి!"

"మామిడంటే మామిడేరా. దానికి కూడా హద్దురాళ్ళు పాతుతావా?" అని కళ్ళు మూసుకుని నీళ్ళు వదిలేసింది.

మెట్లెక్కుతూ అడిగాను, ఎందుకిలా చేశావని. "నేను మాత్రం ఏమనుకుని వచ్చాననుకున్నావ్? రేగుపండు చెప్పి చక్కా పోదామనే వచ్చా" అంది తడికొంగు పిండుకుంటూ. "ఈ ఊరు చూశాక రేగుపండు ఇవ్వడానికి నోరు రాలేదురా." ఊరు నేనూ చూశాను. నోరు మాత్రం నాకు బాగానే వచ్చింది.

ఆ తర్వాత ప్రతి వేసవిలోనూ అత్తయ్యే రసాలు పిండి మా అందరికీ గిన్నెల్లో పోసేది, తను చుక్క ముట్టేది కాదు. అయిపోయాక చేతులు కడుక్కోకుండా అరుగు మీద కూర్చుని, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేది. "వాసన చూడొద్దని ఆయన చెప్పలేదుగా" అనేది. నేను తల వంచుకుని నా గిన్నె ఖాళీ చేసేవాణ్ణి. చేసిన మోసానికి, కనీసం స్ట్రాబెర్రీ మాటన్నా తప్పకూడదని అప్పుడే నిశ్చయించుకున్నాను. ముప్ఫై అయిదేళ్ళ పాటు మా జిల్లాలో ఆ నియమాన్ని అద్భుతంగా పాటించాను.

రిటైరయ్యాక ఇక్కడికి వచ్చాను. దిగిన వారానికే తెలిసింది, గంగమ్మ మతిమరపు మనిషి కాదని. ఇక్కడ షాపింగ్ సెంటర్లో అడుగుపెడితే స్ట్రాబెర్రీ డబ్బాలు గుట్టలుగా ఉంటాయి. (నేను ఆ పక్కకే పోకుండా ఉల్లిపాయల వైపునుంచి చుట్టూ తిరిగి వెళ్తాను.) పెరుగులో అదే, కేకులో అదే. హారిస్ పార్క్ మిఠాయి దుకాణంలో బర్ఫీలో కూడా అదే. బ్లాక్‌టౌన్‌లో తెలుగువాళ్ళు బార్బెక్యూకి పిలిస్తే ఒకమ్మాయి దాన్ని పేర్చిన పావ్లోవా కేకు ముక్క తెచ్చి, "కొంచెం తీసుకోండి అంకుల్" అంది. వద్దన్నాను. "షుగరా అంకుల్?" కాదన్నాను. "ఓ, స్ట్రాబెర్రీ అలర్జీయా?" యాభై ఏళ్ళ నాటి గంగను అక్కడ ఎలా వివరించను? అవునమ్మా అనేశాను. ఆ ఒక్క మాట ఇంటికొచ్చింది, డాక్టరుగారి కంప్యూటర్లోకి ఎక్కింది. మూడేళ్ళ కిందట మోకాలి ఆపరేషనుకి వెళితే, అలర్జీ ఉన్నవాడినని నా మణికట్టుకు ఎర్ర పట్టీ కట్టారు. "ఎంత తీవ్రం?" అని నర్సు అడిగితే, ఏమీ తెలియని మా ఆవిడ "చాలా, చాలా" అంది. అప్పటినుంచి మా ఇంట్లోకి స్ట్రాబెర్రీలు రావడం మానేశాయి. ఎవరికీ పెద్దగా ఇష్టం లేదేమోలే అనుకున్నాను. పుట్టినరోజు పార్టీల నుంచి వచ్చిన బుజ్జి నా దగ్గరికి వచ్చే ముందు రెండుసార్లు చేతులు కడుక్కునేది. బళ్ళో నేర్పిన శుభ్రత కాబోలని మెచ్చుకున్నాను.

ఆదివారం డైరీ చదవడం మొదలుపెట్టాను. వంతెన, లస్సీ దుకాణం, మలైయో వరకూ బుజ్జి నవ్వుతూ రాసుకుంది. ఆ తర్వాతది దాటేసినా తెలిసేది కాదు, దానికి తెలుగు చదవడం రాదు. కానీ ఖాళీ పేజీ తర్వాత రాసింది దాటేయడానికి ఈసారి నాకే నోరు రాలేదు. పట్టికతో సహా అంతా చదివాను. అత్తయ్య సంగతీ చెప్పాను. బుజ్జి పెన్సిల్ కింద పెట్టింది.

"సో... యూ ఆర్ నాట్ అలర్జిక్?"

"కాదమ్మా."

"నాట్ ఈవెన్ ఎ లిటిల్?"

"కొంచెం కూడా కాదు."

దాని కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "తాతా, ఐ లవ్ స్ట్రాబెర్రీస్! ఐ స్టాప్డ్ ఫర్ యూ. నువ్వు చచ్చిపోతావని." తెలుగులో అన్నది ఆ చివరి మాట ఒక్కటే. మూడేళ్ళుగా ప్రాణంలాంటి పండును, పార్టీల్లో కూడా ముట్టకుండా, ఎవరికీ చెప్పకుండా, ఏ పట్టికా గీయకుండా వదిలేసింది. అయినా ఏ గిన్నెకు అంటుకుందోనని చేతులు కడుక్కుంది. వంతెన మీద ఏడో స్తంభం దగ్గర చూసినట్టే దాన్ని చూస్తూ ఉండిపోయాను. అంతలో అది కళ్ళు తుడుచుకుని, నడుము మీద చేతులు పెట్టుకుని, "యూ చీటెడ్ ఎ రివర్!" అంది. ఒప్పుకున్నాను.

ఇద్దరం వెంటనే షాపింగ్ సెంటర్‌కి నడిచాం. ఉల్లిపాయల వైపునుంచి తిరక్కుండా తిన్నగా వెళ్ళి పెద్ద డబ్బా తెచ్చి, పెరటి గుమ్మం మెట్ల మీద కూర్చున్నాం. నాలుగు పళ్ళు ఆగకుండా తిన్నాక అయిదోదాన్ని చేత్తో పట్టుకుని నాకేసి చూసింది. "యూ స్టిల్ కాంట్?" మాటిచ్చాను కదమ్మా అన్నాను. కాసేపు ఆలోచించి, ఎర్రటి వేళ్ళు నా ముక్కు దగ్గర పెట్టింది. "స్మెల్లింగ్ ఈజ్ ఓకే. మీ అత్తయ్య సెడ్ సో."

కళ్ళు మూసుకున్నాను. నేను వదిలిందేమిటో యాభై ఏళ్ళ తర్వాత మొదటిసారి తెలిసింది.

సాయంత్రం డైరీలో ఆ సంగతి రాసుకుని, కాశీ ప్రయాణం కోసం కేటాయించిన పేజీ తెరిచాను. 'వదలదగినవి' అని రాయబోయి కలం మూసేశాను. మోకాటి లోతు నీళ్ళలో, జేబులో పటంతో, గంగను గెలిచానని మురిసిపోతూ నిలబడ్డ ఆ కుర్రవాడు డిసెంబరులో ఆ మెట్ల మీద ఎక్కడైనా కనిపిస్తే బాగుండునని ఉంది. కోప్పడను, పక్కన కూర్చుని, బుజ్జికి స్ట్రాబెర్రీల తొడిమలు తీసిపెట్టిన నా చేతులు ఒకసారి వాసన చూపిస్తాను.