మొదటి చొక్కా బాబాయిది

మా బాబాయికి ఒకటే జబ్బు. తన షాపులో అచ్చయ్యే ప్రతి ఆర్డరులోనూ మొదటి చొక్కా తనే తొడుక్కోవాలి. తొడుక్కుని ఊరుకుంటే జబ్బని ఎందుకంటాం? వారం పాటు వదలడు. దాంతోనే బజారుకెళ్తాడు, దాంతోనే భోంచేస్తాడు, దాంతోనే పడుకుంటాడు. రోజూ ఉతికి, ఆరేసి, మళ్లీ అదే తగిలించుకుంటాడు. ఇంకు తన ఒంటిని గిల్లలేదని, గీరలేదని, ఉడకబెట్టలేదని తేలాకే మిగతా చొక్కాలకు మోక్షం.

బాబాయిది స్క్రీన్ ప్రింటింగు షాపు. చట్రానికి బిగించిన సన్నటి జాలీగుడ్డ మీద ఇంకు పోసి, రబ్బరు పట్టీతో ఒక్క లాగు లాగితే కింద ఉన్న చొక్కా మీద అక్షరాలు పడతాయి. నేను ఆయన అన్నకూతుర్ని. నాకు బొమ్మలు గీయడం వచ్చని షాపులో పెట్టుకున్నాడు. కిటికీ పక్కన నా బల్ల, దాని వెనక తాడు మీద వేలాడే చొక్కాలు, అరల నిండా ఇంకు డబ్బాలు. ఇప్పుడా గదిలో ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. అటు వెళ్లాల్సి వస్తే నేను రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తాను.

మామూలు ఇంకులైతే పరవాలేదు. బాబాయికి వింత ఇంకులంటే పిచ్చి. ఉబ్బే ఇంకు, తళుకు ఇంకు, చీకట్లో వెలిగే రేడియం ఇంకు, వేడి తగిలితే మాయమయ్యే ఇంకు. కొత్త డబ్బా వచ్చిందంటే పసిబిడ్డ వచ్చినట్టే. మూత తీసి, వాసన చూసి, కర్రతో కలిపి, చేతి మీద ఒక చుక్క రాసుకుని, "బానే ఉన్నట్టుంది గానీ, ఒంటి మీద వేసుకుంటే గానీ బుద్ధి తెలీదమ్మా" అనేవాడు.

ఒకసారి పెళ్లివాళ్లు ఆడపిల్లలకోసం గులాబీరంగు టీషర్టులు ఆర్డరిచ్చారు. ఛాతీ మీద తళుకులతో 'పెళ్లికూతురి చెల్లెల్ని' అని ఉండాలి. మా బాబాయికి బుర్రమీసాలు, పొట్ట. ఆ వారమంతా ఆయన పెళ్లికూతురి చెల్లెలే.

"ఏమ్మా, అక్క పెళ్లెప్పుడు?" అంది కూరగాయలమ్మి.

బాబాయి నవ్వలేదు. "వచ్చే ఆదివారం. మెడ దగ్గర కాస్త గరగరలాడుతోంది. తళుకు కొంచెం తగ్గించాలి" అని వంకాయలు ఏరుకున్నాడు.

ఇంకోసారి ఏదో పెద్ద దుకాణం సిబ్బందికి 'ఏ సాయం కావాలన్నా నన్నడగండి' అని వేయాల్సి వచ్చింది. బాబాయి ఆ చొక్కాతో టీ తాగడానికి వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చాడు. ఒళ్లంతా దుమ్ము.

"ఎక్కడికి పోయావు బాబాయ్?"

"ఎవరో కొత్తగా ఇల్లు మారుతున్నార్ట. బీరువా పట్టమన్నారు."

"నువ్వెందుకు పట్టావు?"

"అడగమని నేనే రాసుకున్నాగా! సర్లే, బీరువా మోసినా అక్షరం పగల్లేదు చూడు. మంచి సరుకు."

పిన్ని బాధ వేరు. ఆవిడ మొగుడితో కలిసి మర్యాదగా ఒక్క చోటికీ వెళ్లి ఎరగదు. సైకిలు క్లబ్బువాళ్ల ఆర్డరుకోసం వీపు మీద రేడియం ఇంకుతో 'దారి ఇవ్వండి' అని ఉన్న చొక్కా తొడుక్కుని మ్యాట్నీకి బయల్దేరాడు బాబాయి. హాల్లో దీపాలు ఆరాయి. ఈయన నీళ్లకోసమని వరుసలోంచి లేచి నిలబడ్డాడు. చీకట్లో 'దారి ఇవ్వండి' అని పచ్చగా వెలిగేసరికి వెనక వరుసలో వాళ్లు ఏం ప్రమాదం వచ్చిందోనని లేచి తలుపుల వైపు జరిగారు. పిన్ని తన శాలువా తీసి ఆయన్ను పసిబిడ్డను చుట్టినట్టు చుట్టి కూర్చోబెట్టింది.

ధ్యానం నేర్పే వాళ్ల ఆర్డరు మాత్రం పిన్నికి కలిసొచ్చింది. 'ప్రశాంతంగా ఉన్నాను' అని వేడి ఇంకుతో వేయమన్నారు. ఒళ్లు చల్లగా ఉంటే అక్షరాలు కనిపిస్తాయి, వేడెక్కితే మాయమవుతాయి. ఏదో మాట మీద మాట వచ్చి బాబాయి గొంతు పెంచాడు. పిన్ని పప్పు తిప్పుతున్న గరిటె ఆపి ఆయన ఛాతీ వైపు చూసింది.

"పోయింది, పోయింది! 'ప్రశాంతంగా' పోయింది. 'ఉన్నాను' ఒక్కటే మిగిలింది. ఉండండి మరి!"

ఆ వారం ఆయన కోపం తెచ్చుకోలేక చచ్చాడు. పిన్ని ఆ చొక్కా వాళ్లకివ్వకుండా దాచుకుందామని చూసింది గానీ కుదర్లేదు.

మేమంతా నవ్వుకునేవాళ్లం. ఈ జబ్బు ఆయన్నెందుకు పట్టుకుందో చాన్నాళ్లకు గానీ నాకు తెలీలేదు. ఓ మధ్యాహ్నం బట్టలు మడత పెడుతూ పిన్ని చెప్పింది. పెళ్లైన కొత్తలో ఏదో బడి పిల్లల ఊరేగింపుకి చొక్కాలు వేశాడట. ఛాతీ అంతా నిండే పెద్ద సూర్యుడి బొమ్మ, మందపాటి ప్లాస్టిక్ ఇంకు. చూడ్డానికి ధగధగలాడిందట. మిట్టమధ్యాహ్నం ఎండలో గాలి చొరక, చెమట బయటికి పోక, ముందు వరుసలో ఒక పిల్ల కళ్లు తిరిగి పడిపోయింది. నీళ్లు చల్లితే లేచింది. ఏమీ కాలేదు. కానీ చొక్కా విప్పినప్పుడు ఆ పిల్ల ఛాతీ మీద సూర్యుడి అచ్చు ఎర్రగా దిగి ఉందట.

"ఆ పిల్ల పేరైనా అడగలేదే అని ఇప్పటికీ అంటుంటారు. నాతోనే. ఇంకెవరితోనూ అనరు" అంది పిన్ని.

పరుగు పందెం వాళ్ల ఆర్డరు మా షాపుకి వచ్చిన అన్నిటికంటే పెద్దది. అది చేసుంటే షాపు ఇంకా ఉండేది. వాళ్ల మేనేజరు చేతిలో నమూనా బొమ్మతో వచ్చాడు. ఛాతీ నిండా రబ్బరులా ఉబికి వచ్చే అక్షరాలు, వాటి మీద తళుకు.

"దూరం నుంచి ఫొటోలో కొట్టొచ్చినట్టు కనపడాలి సార్" అన్నాడు.

"వారం ఆగండి" అన్నాడు బాబాయి.

తొడుక్కుని తిరిగితే సరిపోదు, ఇది పరిగెత్తేవాళ్ల చొక్కా కాబట్టి పరిగెత్తి చూడాలన్నాడు. ఎండ నడినెత్తిన ఉండగా మైదానంలో ఆ పొట్ట వేసుకుని పరిగెత్తాడు. నేను నీళ్ల సీసాతో గట్టు మీద నిలబడ్డాను. రెండో చుట్టులో పొట్ట ముందు, ఆయన వెనక. తర్వాత చతికిలబడి రొప్పుతూ, "ఛాతీకి రేకు కట్టినట్టుందమ్మా. ఊపిరి ఆడ్డం లేదు" అన్నాడు.

"అది ఇంకు వల్ల కాదు బాబాయ్, వయసు వల్ల."

"వయసు నాది, ఇంకు అందరిదీ" అన్నాడు.

మేనేజరు వచ్చాడు. బాబాయి నీళ్ల ఇంకుతో వేసిన చొక్కా చూపించాడు. గుడ్డలోకి ఇంకిపోయే రకం. చేత్తో తడిమితే అక్షరం ఉన్నట్టే తెలీదు, గాలి ఆడుతుంది. మేనేజరు దాన్ని వెలుగులో పట్టుకుని చూశాడు.

"మెత్తగా ఉంది గానీ సార్, మెరుపేదీ?"

"మెరిసేది పరిగెత్తేవాడండీ. చొక్కా కాదు."

"మాకు చొక్కా కూడా మెరవాలి సార్" అని నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. మనిషి చెడ్డవాడేం కాదు. ఆయన పని ఆయనది.

ఆ చొక్కాలు ఇంకెక్కడో అచ్చయ్యాయి. పందెం రోజున బాబాయి మజ్జిగ సీసాలు సంచిలో వేసుకుని రోడ్డు పక్కన నిలబడ్డాడు, ఎవరైనా పడిపోతే పట్టుకుందామని. ఒక్కరూ పడలేదు. ఆ రోజు మబ్బు పట్టి చల్లగా ఉంది. తళతళలాడుతూ, నవ్వుతూ, మా ముందునుంచే అందరూ పరిగెత్తి వెళ్లిపోయారు. తిరిగొస్తున్నప్పుడు బాబాయి అడిగాడు.

"ఒక్కటి చెప్పమ్మా. నేను ఊరికే భయపడ్డానంటావా?"

మజ్జిగ ఇద్దరం తాగేశాం.

ఆ తర్వాత పెద్ద ఆర్డర్లు మా గడప తొక్కలేదు. 'అక్కడ చొక్కా ముందు ఓనరు తొడుక్కుంటాడట, వారం ఆగాలట' అని పేరు పడిపోయింది. ఎక్కడికక్కడ గంటలో అచ్చేసి ఇచ్చే మిషన్లు వచ్చాయి. అరల మీద ఇంకు డబ్బాలు పొరకట్టి గట్టిపడ్డాయి. పిన్ని, "ఆ పరుగు చొక్కాలు ఒక్కటి వేసిచ్చుంటే" అని మొదలుపెట్టి, ఆయన మొహం చూసి మానేసేది.

షాపుకి వచ్చిన చివరి ఆర్డరు ఒక వృద్ధుల ఆశ్రమానిది. అక్కడ కొందరు పెద్దవాళ్లకు మతిమరుపు. గేటు దాటితే తిరిగి రావడం తెలీదు. అందుకని ఆశ్రమం నడిపే ఆవిడ, చొక్కాల వీపు మీద ఎర్రటి అక్షరాలతో 'దారి తప్పితే ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి' అని వేయించమంది. మొదటి చొక్కా మామూలుగానే బాబాయిది. రెండో రోజుకే ఆవిడ ఫోన్ చేసింది.

"ఏమండీ, మా దగ్గర లేని మనిషి కూడా మాకు దొరుకుతున్నాడండీ! మీవాడు టీ కొట్టు దగ్గరున్నాడు, మీవాడు మంగలి షాపులో ఉన్నాడు అని ఒకటే ఫోన్లు. మీరేనా?"

బాబాయి క్షమాపణ చెప్పుకోవడానికి ఆశ్రమానికి వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. వరండాలో ఒక పెద్దాయన బాబాయి వీపు చూసి మండిపడుతున్నాడు. రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. అందరికంటే ఎక్కువగా తప్పిపోయేది ఆయనే.

"నంబరేంటి వీపు మీద? నేనేమన్నా గూడ్సు పెట్టెనా? నేను తొడుక్కోను!"

షాపుకి రాగానే బాబాయి ఎర్ర ఇంకు డబ్బా మూసి, పై అరలోంచి మేం ఎండ ఇంకు అని పిలుచుకునే డబ్బా దించాడు. అది నీడలో అసలు కనపడదు. ఎండ తగిలితే ఊదారంగులో బయటపడుతుంది. లోపల ఉన్నంతసేపూ అందరివీ మామూలు తెల్ల చొక్కాలే. గేటు దాటి ఎండలోకి వస్తేనే నంబరు. కింద మాత్రం సన్నటి బూడిదరంగు గీతలా అదే నంబరు మళ్లీ వేశాడు. పొద్దుపోయాక బళ్ల దీపాలు పడితే అది మెరుస్తుంది.

"ఎండ ఇంకు ఎక్కువ కాలం నిలవదు కదా బాబాయ్. ఉతికేకొద్దీ పోతుంది."

"పోతే మళ్లీ వేద్దాం. అక్షరాలేగా, అరిగిపోతే తప్పేముంది" అన్నాడు.

చొక్కాలు ఇచ్చేశాం. షాపు మూసేశాం. చట్రాలు పాతసామాన్ల వాడికి ఎత్తించేటప్పుడు బాబాయి బయట నిలబడి వీధి చూస్తూ ఉండిపోయాడు.

విచిత్రమేమిటంటే షాపు పోయినా, ఎండ ఇంకుతో వేసిన ఆ మొదటి తెల్ల చొక్కా మాత్రం ఆయన ఒంటి మీంచి పోలేదు. వారం దాటింది, నెల దాటింది. సాయంత్రమయ్యేసరికి ఆ చొక్కాతో ఎటో వెళ్లిపోయేవాడు. "ఆర్డరిచ్చేశారు, కొట్టు మూసేశారు, ఇంకెవరికోసమండీ ఈ పరీక్ష?" అని పిన్ని అడిగితే, "ఇంకా తేల్లేదే" అనేవాడు.

ఒక సాయంత్రం నేను వాళ్లింట్లో ఉండగా పిన్ని ఫోన్ మోగింది. స్పీకరులో గంభీరమైన గొంతు.

"నమస్కారమమ్మా. స్టేషన్ మాస్టర్ని మాట్లాడుతున్నాను. మీ మనిషి దారి తప్పి మా ప్లాట్‌ఫారం మీద కూర్చున్నారు. కంగారుపడకండి. క్షేమంగా ఉన్నారు."

"మళ్లీనా సార్?" అంది పిన్ని, కూర తరుగుతూనే.

నేను తెల్లబోయి చూస్తుంటే అప్పుడు చెప్పింది. కనపడని నంబరైనా సరే, ఎండలో పక్కవాళ్ల వీపు చూసి స్టేషన్ మాస్టారు కనిపెట్టేశాడట, తనదీ విప్పి పారేశాడట. అప్పుడు బాబాయి వెళ్లి ఆశ్రమం వరండాలో, అదే ఆయన ప్లాట్‌ఫారం, ఆయన పక్కన కూర్చుని ఎండలోకి వీపు తిప్పాడు. "నాక్కూడా ఉంది సార్. నాకు దారి నిలవదు. ఇల్లు మర్చిపోతుంటాను." తన చొక్కా ఒక్కదాని మీద మాత్రం పిన్ని నంబరు వేసుకున్నాడు. పెద్దాయన చాలాసేపు జాలిగా చూసి, "ముందే చెప్పవేమయ్యా! తప్పిపోయిన ప్రయాణికుణ్ణి ఇంటికి చేర్చడం నా డ్యూటీ" అని, తన చొక్కా తెప్పించుకుని యూనిఫారంలా గుండీలు పెట్టుకున్నాడట. ఆ రోజునుంచి ఆయన ఒంటరిగా గేటు దాటలేదు. రోజూ రావాల్సిన ప్రయాణికుడు ఒకడున్నాడు కదా, ఎక్కడికని పోతాడు?

"ఎక్కడికక్కడ మర్చిపోతున్నారమ్మా పాపం" అంటున్నాడు ఫోన్‌లో స్టేషన్ మాస్టారు, గొంతు తగ్గించి. "ఎదురుగా ఉన్న వీధి కూడా పోల్చుకోలేరు. నేను చెయ్యి పట్టుకుని దాటించి తీసుకొస్తాను. మా మేడమ్ గారు కూడా వెంట వస్తామన్నారు."

వెనకాల బాబాయి గొంతు వినిపించింది. "ఇది ఏ ఊరు సార్?"

"చూశారామ్మా!" అన్నాడు పెద్దాయన.

పిన్ని కత్తిపీట పక్కకు జరిపి, నవ్వు ఆపుకుంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చూశాను సార్. మొదట్నుంచీ అంతే ఆయన. కాస్త జాగ్రత్తగా పట్టుకోండి, చెయ్యి వదిలారంటే మళ్లీ ఎవరి బీరువానో ఎత్తడానికి పోతారు."