దొరస్వామి అంచనా

చిత్తూరు కోర్టులో ముప్పై రెండేళ్లు గుమాస్తాగా పనిచేసి తొంభై ఏడులో రిటైరయ్యాడు దొరస్వామి. వాదనలు మొదలు కాకముందే కేసు ఎటు పోతుందో చెప్పేవాడని వకీళ్లకు ఆయనంటే గురి. అందుకే జయరామ్ అనే వకీలు, విడిపోతామని వచ్చిన మొగుడూ పెళ్లాలను కోర్టు మెట్లెక్కించే ముందు గిరింపేటలోని దొరస్వామి ఇంటికి పంపడం మొదలుపెట్టాడు.

అది పంచాయితీ కాదు. సర్దుకుపొమ్మని ఆయన ఎవరికీ చెప్పేవాడు కాదు. ఆమె మాట ఒకసారి, అతని మాట ఒకసారి విడివిడిగా వినేవాడు. కాగితాలు చూసేవాడు. ఆ తర్వాత ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, "కోర్టుకు పోతే ఇన్నేండ్లు పడతాది. కడాకు జడ్జి చెప్పేది ఇది. అదేదో ఇప్పుడే రాసుకుంటే మీ వయసన్నా మిగులుతాది" అనేవాడు. నచ్చితే ఒప్పుకోవచ్చు, లేకుంటే కోర్టు ఉండనే ఉంది. చాలామంది ఒప్పుకునేవాళ్లు. దొరస్వామి ఎవరి పక్కా మొగ్గడని ఊళ్లో పేరు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం.

రెండువేల ఒకటిలో, మామిడికాయలు దిగే రోజుల్లో, కూతురు జయంతి బంగారుపాళ్యం నుంచి ఒంటరిగా బస్సు దిగింది. ఎనిమిదేళ్ల మహితను అత్తగారు గడప దాటనివ్వలేదు. భర్త బాలాజీకి అనుమానం. ఆమె టీచరు ఉద్యోగం మాన్పించాడు. తోటకు పోయేటప్పుడు ఆమెను గదిలో పెట్టి బయట గొళ్లెం వేసేవాడు.

"అన్నా, ఇది నీ ఇంటి వ్యవహారం. వేరే ఎవరి దగ్గరికన్నా పంపిస్తా" అన్నాడు జయరామ్.

బాలాజీ మాత్రం, "మామ చెప్పిందే నాకు సమ్మతం" అన్నాడు. ఆ మాటకు దొరస్వామి ఉబ్బిపోయాడు.

"నా బిడ్డయినా ఒకటే, పరాయి బిడ్డయినా ఒకటే. నేనే సూస్తా."

అల్లుడి మాట ఓపిగ్గా విన్నాడు. తర్వాత కూతుర్ని పిలిచాడు.

"గొళ్లెం వేసేది ఎవరన్నా సూసినారా?"

"మహిత సూసింది నాయనా. కిటికీలోంచి నాకు నీళ్లు అందించేది అదే."

"చిన్నబిడ్డ మాట సాక్ష్యానికి నిలబడదు. ఇంకెవరు?"

జయంతి ఆయన ముఖంలోకి చూసింది. "నువ్వు నమ్మతావా, నమ్మవా?"

"నేను నమ్మేది కాదమ్మణ్ణీ. జడ్జి నమ్మాల."

ఆ సాయంత్రం ఇద్దరి ముందూ తన అంచనా చెప్పాడు. విడాకులు వస్తాయి. బిడ్డకు అయిదేళ్లు దాటాయి కాబట్టి తల్లికే ఇవ్వాలని లేదు, పైగా తల్లికి ఉద్యోగం లేదు. బిడ్డ తండ్రి దగ్గరే ఉంటుంది. నెలకొక ఆదివారం తల్లి చూసుకోవచ్చు.

వంటింట్లోంచి భార్య నిర్మలమ్మ వచ్చింది. "కన్నకూతురికి ఇదా నువ్వు చెప్పే న్యాయం?"

"న్యాయం కాదే. కోర్టులో జరగబోయేది చెప్పినా."

ఆయన అంచనా తప్పదని వింటూ పెరిగిన పిల్ల జయంతి. "నేను మా నాయన దగ్గరికి వచ్చినా అనుకున్నా. ఈడ కోర్టు గుమాస్తా ఉండాడు" అని, జయరామ్ రాసిన కాగితం మీద సంతకం పెట్టింది. ఆర్నెల్లకు తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చీటీలు రాసే పనికి కుదిరింది.

"కూతురని కూడా సూడలేదప్పా!" అని టీ కొట్టు దగ్గర జనం మెచ్చుకుంటుంటే దొరస్వామి తలొంచుకుని విన్నాడు. బాగానే అనిపించింది.

మూడేళ్ల తర్వాత అచ్చం అలాంటి కేసే వచ్చింది. ఆ ఆడమనిషి ఆయన అంచనా ఒప్పుకోకుండా కోర్టుకు పోయింది. జడ్జి తొమ్మిదేళ్ల బిడ్డను తన గదిలోకి పిలిపించుకుని, వకీళ్లను బయటికి పంపి, అరగంట మాట్లాడాడు. మిషను కుట్టి బతికే ఆ తల్లికే బిడ్డను ఇచ్చాడు.

"బిడ్డ మాట వింటారా జయరామూ?"

"వినకేం అన్నా? బిడ్డ బాగే ముందు సూస్తారు. నీకు తెలీనిదా?"

తెలియక కాదు. అలాంటి తీర్పులు తన చేత్తోనే నకలు రాశాడు. ఆ రోజు వాటిని మనసులోకి రానివ్వలేదు. కూతురి పక్క మొగ్గాడని నలుగురూ అంటారేమోనని భయపడ్డాడు, అంతే.

మరునాడే తిరుపతి బస్సెక్కాడు. ఆసుపత్రి కిటికీ ముందు నిలబడి, "మళ్లీ అర్జీ ఏద్దామమ్మణ్ణీ. బిడ్డను అడగమని జడ్జిని అడుగుదాం" అన్నాడు.

జయంతి చీటీ రాస్తూనే ఉంది. "పోయిన ఆదివారం మహిత వచ్చింది. 'తాత ఇంట్లో నువ్వే సంతకం పెట్టి నన్ను వదిలేసినావంట గదా' అనింది. ఇప్పుడడిగితే వాళ్ల నాయన దగ్గరే ఉంటానంటాది. జడ్జి వింటాడు." తలెత్తి చూసింది. "వెనకాల జనం ఉండారు. జరుగు."

ఆ తర్వాత కూడా దొరస్వామి ఇంటికి జంటలు వచ్చాయి. బిడ్డల విషయం వచ్చినప్పుడల్లా, "నాకు తెలీదప్పా, జడ్జినే అడగండి" అనేవాడు. ఆ మాట కోసం ఆయన దగ్గరికి రావడమెందుకు? జయరామ్ మెల్లగా ఇంకో రిటైరైన గుమాస్తాను వెతుక్కున్నాడు. నిర్మలమ్మ వేళకు అన్నం పెడుతుంది. భర్తతో మాట్లాడదు.