ఒకే స్వరం దగ్గర తెగిన రెండు తీగలు

1954 వేసవిలో నన్ను కర్నూలుకు వేశారు. తంతి తపాలా శాఖలో ఇంజనీరింగ్ సూపర్‌వైజర్‌ని. అంటే లైన్ ఇన్‌స్పెక్టరుకు పైన, సబ్ డివిజనల్ ఆఫీసరుకు కింద, ఇద్దరి విసుగూ భరించే హోదా. కొత్త రాజధాని కచేరీలు సగం గుడారాల్లోనే నడిచేవి. వాటికి టెలిఫోన్ లైన్లు లాగించడం నా పని. తీగ గురించి నాకు తెలియనిదేమీ లేదని అప్పట్లో నా ధీమా.

పక్కింట్లో యేసుదాసు అయ్యవారు ఉండేవారు. బడిలో పిల్లలకు వడ్రంగం నేర్పేవారు. ఆయన భార్య రత్నమ్మ చాలా ఏళ్లు చర్చిలో, కాళ్లతో తొక్కి గాలి ఎక్కించే పెద్ద హార్మోనియం వాయించింది. మెట్ల మీంచి పడి నడుము విరిగి కాళ్లు చచ్చుబడ్డాయి. చేతి హార్మోనియమైతే ఒక చెయ్యి తిత్తికే పోతుంది. రెండు చేతులా వాయించనిదే ఆవిడకు అన్నం సయించేది కాదు. అందుకని అయ్యవారు, ఊరు విడిచి వెళ్తూ ఒక దొరసానమ్మ ఇచ్చిన పటం చూసి, చిన్న హార్ప్సికార్డ్ చేశారు. పియానో లాంటి పెట్టె అది. మెట్టు నొక్కితే కాకి ఈక మొన లోపలి తీగను మీటుతుంది. తొక్కే పని లేదు. పెట్టె తయారైంది, తీగలే లేవు.

తంబురాకు వేసే ఇత్తడి తీగ తెచ్చాం. కింది స్వరాల పొడుగాటి తీగలు చక్కగా పలికాయి. నడిమి మెట్టు ఒకదాని దగ్గర, శ్రుతికి చేరబోతూ ఫట్టుమని తెగింది.

“సన్న తీగప్పా, యాడ ఆగుతాది? లావుది తెచ్చియ్యి” అన్నారు అయ్యవారు.

నాకూ అదే న్యాయమనిపించింది. మా శాఖలో తీగ ఆగకపోతే లావు తీగ వేస్తాం, అంతే. రెట్టింపు లావుది తెచ్చాను. రత్నమ్మ కుర్చీ దగ్గరికి జరిపించుకుని పెట్టెకు చెవి ఆనించింది. అయ్యవారు బిగించసాగారు. సరిగ్గా అదే స్వరం దగ్గర, వెంట్రుకవాసి తేడా లేకుండా, లావు తీగా తెగింది! తెగిన కొస ఎగిరి ఆవిడ చెంప చీల్చింది.

బొటబొటా రక్తం కారింది. కన్ను ఒక్క వేలెడు దూరంలో తప్పింది. పైగా రెట్టింపు లావు తీగ అక్కడే తెగడమేమిటి? నేను నేర్చిన విద్యంతా ఏ గంగలో కలిసినట్టు?

అయ్యవారు తీగ బిగించే చావి విసిరికొట్టారు. “ఈ పెట్టెను పొయ్యిలో పెడతా! ఉండే కాళ్లు పోయినాయి. ఇంగ కండ్లు గూడా పోవాల్నా నీకు?” అంటూ ఏడ్చేశారు.

చెంపకు కొంగు అదుముకుని రత్నమ్మ అరిచింది. “పొయ్యిలో పెడితే నన్ను గూడా దాంట్లోనే పెట్టయ్యా. ఆ స్వరం దానికి అందదు, అంతే గదా? ఒక మెట్టు దించి కట్టు. చర్చి జనం గూడా దిగి పాడతారు. ఇన్ని దినాలూ దొరల శ్రుతికి గొంతులు చించుకుంటానే ఉండారు.”

సన్న తీగలే మళ్లీ వేసి, మొత్తం ఒక మెట్టు దించి కట్టాం. ఒక్కటీ తెగలేదు. చెంపకు కట్టు కట్టించుకుని ఆవిడ రెండు చేతులా వాయించింది. అయ్యవారు మాత్రం తీగలకూ ఆవిడ మొహానికీ మధ్య చెక్క పలక అడ్డం పట్టుకుని, పాట అయిందాకా దించలేదు.

తర్వాత లెక్క వేసి చూశాను. తీగ లావైతే బలం పెరిగే మాట నిజమే. కానీ అదే పొడవులో అదే స్వరం పలికించాలంటే అంతకంత గట్టిగా లాగాలి. ఏ స్వరం దగ్గర తెగాలో లోహమూ పొడవూ తేలుస్తాయి, లావు కాదు. స్తంభాల మీద నా పాత పద్ధతే సాగింది, అక్కడ తీగను పలకమని ఎవరూ అడగరు. వాద్యానికి తీగ కావాలని వచ్చినవాళ్లను మాత్రం ముందు పొడవెంత, స్వరమేది అని అడిగేవాణ్ణి. అందదని తేలితే, శ్రుతి దించుకోమని చెప్పేవాణ్ణి.