నేను ఖాళీ అని రాసుకున్న శుక్రవారాలు

ఎవరూ వాడని వేళ కంప్యూటర్లు పెద్ద లెక్కలకు సాయం చేయగలవు. ఏది ఎప్పుడు ఖాళీగా ఉంటుందో ముందే చెప్పడం నా ఎంసీఏ ప్రాజెక్టు. ఆర్మూర్‌లో రాజన్న ఇంటర్నెట్ సెంటర్లోని ఎనిమిది కంప్యూటర్లలో నా ప్రోగ్రాం పెట్టి మూడు వారాలైంది. కంప్యూటర్ ఖాళీ అనిపించగానే అది ఆ సమయం రాసుకొని, పరీక్షగా ఒక పెద్ద లెక్క మొదలుపెడుతుంది. అన్నిటికంటే ఖాళీ సమయం శుక్రవారం మధ్యాహ్నమని తేలింది. సోమవారం రిపోర్టు ఇవ్వాలి.

ఈ రోజు స్వయంగా చూద్దామని వెళితే ఒక్క కుర్చీ కూడా ఖాళీ లేదు. శుక్రవారం గల్ఫ్‌లో సెలవు కదా, వెబ్‌క్యామ్‌ల ముందు అందరూ ఆడవాళ్లే. బాల్కొండ నుంచి పాపను తీసుకొని వచ్చిన ఒకామె తెర మీద భర్త ముఖం కదలకుండా ఆగిపోయింది. ఆ కంప్యూటర్ శక్తినంతా లాగేసుకుంటూ వెనకాల నా లెక్క నడుస్తోంది. పది నిమిషాలు మౌసు కదలకపోతే కంప్యూటర్ ఖాళీ అనుకొమ్మని దానికి చెప్పింది నేనే.

"నీ ప్రోగ్రాంకు మనుషులు కనవడరా ఏంది?" అన్నాడు రాజన్న.

గబగబా ఆ లెక్కను ఆపేసి, "మౌసు ఒక్కసారన్న కదిలియ్యలేదా అక్కా?" అని ఆమెను అడిగాను.

"నాకు రాదు చెల్లె. ముట్టుకుంటే మాయమైతడేమోనని చేతులు ఒళ్లె వెట్టుకొని కూసుంట. శుక్రారం శుక్రారం గిట్లనే ఆగుతున్నడు. నేనే ఖరాబు చేస్తున్ననుకొని ఎవ్వలకు చెప్పలె."

కాల్ మళ్లీ కలిపేసరికి అవతల గల్ఫ్‌లో కూలీలుండే క్యాంపులో ఇంకొకరి వంతు వచ్చేసింది. పాప తెరకేసి చూస్తూనే ఉంది.

ఎనిమిదింట్లోనూ ప్రోగ్రాం తీసేసి వచ్చాను. శుక్రవారం ఖాళీ అన్న నా అంచనాలు మాత్రం కాగితం మీద ఇప్పటికీ చక్కగా సరిపోతున్నాయి. నిజం రాస్తే ప్రాజెక్టు పోతుందేమో. మీరైతే సోమవారం ఏది ఇస్తారు?