గరగర ఆగిన మధ్యాహ్నం

దిల్‌సుఖ్‌నగర్‌లో మేం కిరాయికున్న ఇంటి ఓనరు తాత ట్రాన్సిస్టర్‌లో పాటలు వినగా నేనెన్నడూ చూడలేదు. మేడ మీద యాంటెన్నా పెట్టి సూర్యుడి నుంచి వచ్చే రేడియో తరంగాల శబ్దం వినేవాడు. మధ్యలో గరగర అడ్డొస్తే, అది ఏ ఇంటి కరెంటు వల్లో వెతుకుతూ, ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. "జర మెయిన్ బంద్ చెయ్యమ్మా" అనేవాడు.

ఆ వేసవిలో అందరం బంద్ చేసినా గరగర పోలేదు. అది మా గోడకు ఆనుకున్న చీరల గోదాములోంచి వస్తోంది. "లోపట వైరు మిణుగురులు కొడ్తున్నది, తాళం తియ్యి" అని తాత మూడు రోజులు బతిమాలాడు.

"నీ సూర్యుని కోసం నా దుకాణం బంద్ పెట్టాల్నా?" అని గోదాము ఆయన నవ్వాడు.

నాలుగో రోజు గరగర ఠక్కున ఆగింది. "ఇగ మంచిగ ఇనొచ్చు తాతా" అన్నాను.

ఆయన గోడకు అరచెయ్యి ఆనించి, కాలినట్టు చప్పున వెనక్కి లాక్కున్నాడు.

"పిల్లల తోల్కొని రోడ్డు మీదికి ఉరుకమ్మా."